పాత రోటర్లు కొంటున్నరా? మెరుపు కాదు, గాడి చూడుండ్రి

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల దగ్గర ఊరు. షార్జాల ఒక గ్యారేజీల పనిచేస్త, ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చిన. మా దగ్గరికి మాజ్డా కంపెనీ రోటరీ ఇంజన్ బండ్లు ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 వస్తుంటయి. ఒక ఆర్‌ఎక్స్-7 టర్బో బండిది 13బి ఇంజన్ విప్పినం, ముందు రోటర్‌ల ఏపెక్స్ సీల్ విరిగిపోయి రోటర్ మూల అంతా దెబ్బతిన్నది. కొత్త రోటర్ రేటు చెప్తే కస్టమర్ గుండె పట్టుకున్నడు, పాతది ఎక్కడన్న చూడమన్నడు. అక్కడ పాత సామాన్ల మార్కెట్ల రోటర్లు మస్తుగ దొరుకుతయి గాని అన్నీ కడిగి తళతళ మెరిపిచ్చి పెడ్తరు. పిస్టన్ ఇంజన్ అయితే బోర్ చూసి చెప్పేస్త. వీటిల ఏది మంచిదో ఏది తుక్కో ఎట్ల తెలుస్తది?
(పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: తమ్మీ, ముందుగాల్ల ఆ పిస్టన్ ఇంజన్ అలవాటు పక్కకు పెట్టు. అక్కడ బోర్ అరిగితే రీబోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ ఏస్తం, కథ అయిపోతది. రోటరీల ఆ సౌకర్యం లేదు. రోటర్ గాడి అరిగిందంటె దానికి ఓవర్‌సైజ్ సీల్ అని కంపెనీ ఏం ఇయ్యదు, కాబట్టి పాత రోటర్ మంచిదా కాదా అనేది కొనే కాడనే తేలిపోవాలె, ఇంటికి తెచ్చినంక తేల్చుకుందాం అంటె పైసలు పోయినట్టే.

ఈ ఇంజన్ ఎన్నడు చూడనోళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోత. రోటర్ అంటె మూడు మూలల కాస్ట్ ఐరన్ ముద్ద, లోపట బోలుగ ఉంటది. మూడు మూలలల్ల మూడు ఏపెక్స్ సీళ్లు, రెండు పక్కలకు కలిపి ఆరు సైడ్ సీళ్లు, ఆ రెండు రకాలు కలిసే కాడ గుండ్రంగ ఆరు కార్నర్ సీళ్లు, నడుమ ఆయిల్ సీళ్లు. పిస్టన్ రింగులు చేసే పని అంతా ఇవే చేస్తయి. అందుకే రోటర్ అంటె నా లెక్కల సీళ్లను పట్టుకునే గాళ్లు, రంధ్రాలే, మిగిలిన ఇనుము సంగతి తర్వాత.

ఇగ మార్కెట్‌కు పోయేటప్పుడు జేబుల రెండు వస్తువులు ఏస్కొని పో. ఒకటి కొత్త ఏపెక్స్ సీల్, రెండోది సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్. సీల్ ఏ సైజో ముందే చూస్కో, 1985 దాకా వచ్చిన 13బి ఇంజన్లకు 3 మి.మీ. మందం సీల్, 1986 మోడల్ నుంచి 2 మి.మీ. సీల్. నీ దగ్గరున్న టర్బో బండికి 2 మి.మీ.దే అయి ఉంటది. ఆ కొత్త సీల్‌ను గాడిల పెట్టి పక్కన ఫీలర్ గేజ్ దూర్చి చూడు. 0.15 మి.మీ. ఆకు దూరిందంటె ఆ రోటర్ అక్కడనే పెట్టేసి రా, మాజ్డా వాళ్ల లిమిట్ అదే. పాత సీల్‌తోని కొలవొద్దు, అది కూడా అరిగే ఉంటది గదా, అప్పుడు తప్పు సీల్‌దా గాడిదా తెల్వదు. ఒక్క కాడ కొలిచి వదిలెయ్యకు, గాడి ఈ కొస, ఆ కొస, నడుమ, మూడు కాడల చూడు, మూడు మూలలకు చూడు. గాడి ఎక్కువగ అరిగేది పైన నోరు కాడ, లోపట అడుగున బిగువుగనే ఉంటది, కాబట్టి సీల్‌ను అడుగు దాకా తోసి "ఆ, టైటుగనే ఉంది" అంటె మోసపోతవు. ఇంజన్ నాక్ కొట్టి కొట్టి ఉన్న రోటర్‌ల ఆ గాడి నోరు వెడల్పయి లోపటికి పోయిన కొద్ది సన్నగ అయితది, చూపుల కూడా పట్టుకోవచ్చు గాని గేజ్ పెట్టినంకనే నమ్ము.

ఇంకో మోసం ఉంది, ఇది అమ్మెటోడు కావాలని చేసేది కాదు, దాని అంతట అదే జరిగేది. గాడిల కార్బన్ గట్టిగ పేరుకొని ఉంటె కొత్త సీల్ పెట్టినప్పుడు బిగువుగ కూచుంటది, మనకేమో గాడి మంచిగున్నదనిపిస్తది. బయట తళతళ మెరిసే రోటర్‌ల కూడా గాడి లోపట నల్లగ ఉండుడు మామూలే. ముందు గాడి శుభ్రం చేయనియ్యి అని అడుగు, ఒప్పుకోకపోతె ఇంకో దుకాణం చూస్కో. శుభ్రం చేసేటప్పుడు ఎమరీ కాగితం గాళ్లల్ల అస్సలు పెట్టొద్దు, అదే గాడిని పెద్దగ చేస్తది. విరిగిన పాత సీల్ ముక్క అంచును పదును పట్టి దానితోని గీకితే గాడికి సరిగ్గ సరిపోతది, కార్బ్ క్లీనర్ కొట్టి నానబెట్టి గీకు, తొందర పడకు. రోటర్‌ల బేరింగ్ ఉంటే మాత్రం కాస్టిక్ సోడా నీళ్లల్ల ముంచనియొద్దు, బేరింగ్ పై పూత ఖరాబ్ అయితది.

గాడి అయినంక మూలలు. ఇంజన్‌ల సీల్ విరిగితే ఆ ముక్క బయటికి పోయే ముందు రోటర్‌కు, అది తిరిగే గూడు, అంటె హౌసింగ్‌కు నడుమ పడి దంచుతది. అట్ల దెబ్బలు తిన్న రోటర్‌ను కడిగి మెరిపిచ్చి అమ్ముతరు. దెబ్బ రోటర్ ముఖం నడుమ చిన్న సొట్టలాగ ఉండి, అంచులు లేచి లేకుంటె దాంతోని పెద్ద బాధ లేదు, నున్నగ చేసి వాడుకోవచ్చు. అదే దెబ్బ మూల మీద పడి ఏపెక్స్ గాడి నోరు మూసుకుపోయిందా, సైడ్ సీల్ గాడి అంచు లోపటికి వంగిందా, అది వదిలెయ్. సైడ్ సీల్ గాళ్లు సన్నగ ఉంటయి, అక్కడ కొద్దిగ నొక్కుకుపోయినా సీల్ పైకి కిందికి ఆడదు, ఇరుక్కుపోతది. అందుకే ఒక సైడ్ సీల్ తీస్కొని గాడి పొడుగంతా జరిపి చూడు, ఎక్కడన్న పట్టుకుంటుందా అని. పక్కన సందు 0.10 మి.మీ. దాటొద్దు.

కార్నర్ సీల్ రంధ్రం చాన మంది చూడరు, నా లెక్కల సగం పాత రోటర్లు అక్కడనే ఫెయిల్ అయితయి. దానికి మాజ్డా ప్రత్యేకంగ గేజ్ ఇస్తది, రెండు కొసలున్న పిన్ను లాంటిది. ఏ కొస దూరకుంటె రంధ్రం మంచిగున్నట్టు. చిన్న కొస దూరి పెద్ద కొస దూరకుంటె కొత్త కార్నర్ సీల్ ఏస్తె నడుస్తది. రెండు కొసలు దూరితే రోటర్ మార్చాల్సిందే. మీ గ్యారేజీల ఆ గేజ్ లేకుంటె మీ సేట్‌తోని తెప్పియ్యి, రోటరీ పని చేస్తున్నమని బోర్డు పెట్టుకున్నంక ఆ గేజ్ లేకుండ చేసుడు నాకైతె సమజ్ కాదు.

మిగిలినయి తొందరగ చెప్త. రోటర్ పక్క ముఖం మీద, ముఖ్యంగ మూలల కాడ, రాసుకుపోయిన గీతలు ఉన్నయంటె ఆ ఇంజన్‌ల బేరింగ్ పోయి రోటర్ పక్క హౌసింగ్‌కు తగులుకుంట తిరిగిందన్నట్టు, అట్లాంటిది చవకగ వచ్చినా తీస్కోకు. లోపటి గేర్ పళ్లు వేలు పెట్టి తడుము, పెచ్చు లేచి ఉంటె వద్దు, గేర్‌ను పట్టే స్ప్రింగ్ పిన్నులు వదులయినయా అని కూడా చూడు. బేరింగ్ మీద రాగి రంగు కనిపిస్తె అది అరిగినట్టు, కాని బేరింగ్ మార్చుకోవచ్చు, రేటు తగ్గించుకోనీకి అది మంచి సాకు. రోటర్లను మోసే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌కు, బేరింగ్‌కు నడుమ సందు 0.04 నుంచి 0.08 మి.మీ. ఉండాలె, 0.10 దాటితే బేరింగ్ మార్చు. పగుళ్లు కంటికి కనిపియ్యవు, రంగు ద్రవం పూసి పగుళ్లు బయటపెట్టే డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించు. ఆఖరికి ఒకటి. రోటర్ ఎంత మంచిది తెచ్చినా మీ కస్టమర్ బండి హౌసింగ్ లోపట క్రోమ్ పూత ఆ విరిగిన సీల్ గీకి లేచిపోయి ఉంటె కొత్త సీళ్లను కూడా అది తినేస్తది. రోటర్ బేరం ఆడే ముందే హౌసింగ్ తీసి వెలుతురుల చూడు.

ప్రశ్న: సార్, నేను డిప్లొమా ఆటోమొబైల్ చేసి హైదరాబాద్‌ల ఒక గ్యారేజీల చేరిన. మా సార్ బయటి నుంచి 13బి ఇంజన్ సామాన్లు తెప్పిచ్చిండు, రెండు రోటర్లు వేర్వేరు ఇంజన్లవి. ఒకదాని మీద బి అని, ఇంకోదాని మీద డి అని కొట్టి ఉంది. గాళ్లు రెండింటికి మంచిగనే ఉన్నయి. కలిపి ఏస్తె నడుస్తదా?
(పాఠకుడు, నల్లగొండ)

జవాబు: నడుస్తది, కాని ఊగుకుంట నడుస్తది. బి, డి జోడి పెట్టొద్దు. ఆ అక్షరం బరువు గుర్తు. మాజ్డా ఫ్యాక్టరీల రోటర్ బరువును బట్టి ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులు చేసి పక్క ముఖం మీద అక్షరం కొడతరు. ఒక ఇంజన్‌ల రెండు రోటర్లు ఒకే అక్షరం ఉండాలె, లేదంటె పక్కపక్క అక్షరం, బి పక్కన సి ఉండొచ్చు, సి పక్కన డి ఉండొచ్చు. బి, డి నడుమ రెండు మెట్ల తేడా. మీ సార్‌కు చెప్పు, ఇంకో సి రోటర్ దొరికితె ఈ రెండింటిల ఏదానికన్న జోడి అయితది.

ఎందుకట్ల అంటె, రెండు రోటర్లు ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మీద 180 డిగ్రీల ఎదురెదురుగ కూచుంటయి, ఒకటి పైకి పోతుంటె ఇంకోటి కిందికి. రెండు ఒకే బరువుంటెనే ఒకదాని ఊపును ఇంకోటి రద్దు చేస్తది. జోడెడ్లల్ల ఒకటి బలంగ ఇంకోటి బక్కగ ఉంటె నాగలి ఎటు పోతదో తెలిసిందే. రోటర్లు రెండు ఎదురెదురు ఉన్నా ఒక్క గీత మీద లేవు, ఒకటి ముందు ఒకటి ఎనక, కాబట్టి బరువులు సరిగ్గ సమానం ఉన్నా షాఫ్ట్ కొసలు ఊగుతయి, దాన్ని ఆపనీకే ముందల ఒక కౌంటర్‌వెయిట్, ఎనక ఫ్లైవీల్ మీదనో, ఆటోమేటిక్ బండ్లల్ల విడిగనో ఇంకో కౌంటర్‌వెయిట్ పెడతరు.

ఇక్కడనే అసలు లొల్లి. అక్షరం కలిసినా రోటర్లు జోడి కావు, ఏ కాలం రోటరో కూడా కలవాలె. 1986-88 నాటి 13బి రోటర్ కన్న 1989 నుంచి వచ్చిన రోటర్ తేలిక. ఆ సి, ఈ సి ఒక్కటి కాదు, అక్షరం ఆ సిరీస్ లోపటనే పనిచేస్తది. రోటర్లు ఏ సిరీస్‌వో కౌంటర్‌వెయిట్లు కూడా ఆ సిరీస్‌వే కావాలె. కొందరు 1989 రోటర్లు ఏసి పాత ఫ్లైవీల్ తగిలిస్తరు, బోల్టులు పడ్తయి గదా అని. బోల్టులు పడ్తయి, బ్యాలెన్స్ పడదు.

కంప్రెషన్ రేషియో ఇంకో తిరకాసు. రోటర్ ఒక్కో ముఖం నడుమ గిన్నెలాగ గుంత ఉంటది గదా, ఆ గుంత ఎంత లోతుంటె కంప్రెషన్ అంత తక్కువ. 1986-88 టర్బో రోటర్ 8.5, అదే ఏళ్ల టర్బో లేని ఇంజన్‌ది 9.4. 1989-91ల టర్బోది 9.0, టర్బో లేనిది 9.7. తర్వాత వచ్చిన మూడో తరం ఆర్‌ఎక్స్-7 కూడా 9.0 నే. ఆర్‌ఎక్స్-8 ది 10. ఇయన్నీ చూడనీకి అన్నదమ్ముల లెక్క ఉంటయి, పక్కపక్కన పెడితెనే గుంత తేడా తెలుస్తది. ఒక్క ఇంజన్‌ల ముందు రోటర్ 8.5, ఎనక రోటర్ 9.4 ఏసినవంటె బండి స్టార్ట్ అయితది, తిరుగుతది కూడా, ఒక రోటర్‌కు సరిపోయిన ఇగ్నిషన్ టైమింగ్ ఇంకోదానికి ఎక్కువైతది, టర్బో బూస్ట్ పెంచిన రోజు ఎక్కువ కంప్రెషన్ ఉన్న రోటర్ సీల్ విరిగి చేతికొస్తది. అనుమానం ఉంటె గుంతల పైన పలక అద్దం పెట్టి గ్రీజు రాసి, సిరంజితోని నూనె పోసి రెండు రోటర్లల్ల ఎంత పట్టిందో కొలుచుకో, ఖర్చు లేని పని.

అక్షరం అరిగిపోయి కనిపియ్యకపోయినా, ఎవరన్న రోటర్‌ను మిల్లింగ్ చేసి తేలిక చేసినట్టు గుర్తులున్నా అక్షరాన్ని నమ్మొద్దు, తూకం ఏయి. సీళ్లు, స్ప్రింగులు అన్ని తీసేసి, లోపట నూనె చుక్క లేకుండ ఆరబెట్టి, రెండింటికి బేరింగ్ ఒకే తీరుగ ఉన్నప్పుడు ఒకే కాంటా మీద తూకం ఏయాలె. ఒకదాంట్ల బేరింగ్ ఉండి ఇంకోదాంట్ల లేకుంటె ఆ తూకానికి అర్థం లేదు. కిరాణా దుకాణం కాంటా ఐదు, పది గ్రాముల మెట్లల్ల చూపిస్తది, దాని మీద తేల్చకుండ్రి, ల్యాబ్ కాంటా దొరికితె మంచిది. రేసు ఇంజన్లు చేసెటోళ్లు షాఫ్ట్ బ్యాలెన్స్ చేసేటప్పుడు రోటర్ లోపట తిరిగే నూనె బరువు కూడా లెక్కల ఏస్తరు, అది మన పని కాదు గాని, లోపట నూనె మిగిలిన రోటర్‌ను తూకం ఏస్తె ఎంత తప్పు వస్తదో దాన్ని బట్టి సమజ్ చేస్కో.

ప్రశ్న: అయ్యా, మాకు మిర్యాలగూడల లేత్ వర్క్‌షాప్ ఉంది, రైస్ మిల్లు షాఫ్టులు, రోలర్లు చేస్తం. మా బావమరిది కొడుకు ఒక రోటర్ పట్కొచ్చి, గాళ్లు అరిగినయి, వెల్డింగ్ నింపి మళ్లీ కోసియ్యి మామా అంటుండు. చెయ్యొచ్చునా?
(పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: వెల్డింగ్ వద్దు పెద్దాయనా. కాస్ట్ ఐరన్ మీద వెల్డింగ్ పెడితే ఎట్ల పగులుతదో మీకు చెప్పాల్నా. పగలకున్నా వేడికి ఏపెక్స్ వంకర పోతది, పక్కనే కార్నర్ సీల్ రంధ్రం ఉంది, అది గుండ్రం తప్పిందంటె మొత్తం రోటర్ పోయినట్టే. రేసులోళ్లు ఇంకో పని చేస్తరు. 2 మి.మీ. గాడిని 3 మి.మీ.కు మిల్లింగ్ చేసి మందం సీల్ ఏస్తరు, అట్లాంటి సీళ్లు బయట దొరుకుతయి. అది లేత్ మీద అయ్యే పని కాదు. రోటర్‌ను కేంద్రం కాడ పట్టే ఫిక్చర్ కావాలె, మూడు గాళ్లు 120 డిగ్రీల తేడాతోని కచ్చితంగ రావాలె, గాడి రెండు గోడలు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగ ఉండాలె. 80 మి.మీ. వెడల్పున్న రోటర్‌ల గాడి ఒక పక్కకు వెంట్రుక వాసి జరిగినా సీల్ ఇరుక్కుంటది. మంచి మిల్లింగ్ మిషన్, ఓపిక రెండు ఉంటె ఒక తుక్కు రోటర్ మీద చేసి చూడుండ్రి, పిల్లగాని రోటర్ మీద మాత్రం నేర్చుకోకుండ్రి. రోజూ నడిపే బండికి ఇంకో పాత రోటర్ ఎతుక్కునుడే నయం అని నేనంట.

ప్రశ్న: సార్, 13బి 1.3 లీటర్ ఇంజన్ అంటరు, కొందరు 2.6 లీటర్ అంటరు, ఏది కరెక్ట్?
(పాలిటెక్నిక్ విద్యార్థి, దేవరకొండ)

జవాబు: ఒక రోటర్ ముఖం మీద 654 సీసీ, రెండు రోటర్లకు కలిపి 1308. మాజ్డా లెక్క అదే. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలుంటయి, రోటర్ ఒక చుట్టు తిరిగేలోపట షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతది, ఎందుకంటె రోటర్‌ల గేర్ 51 పళ్లు, నిలకడగ ఉండే గేర్ 34 పళ్లు. షాఫ్ట్ రెండు చుట్లకు ఎంత గాలి మింగిందని ఫోర్ స్ట్రోక్ లెక్క తీస్తె 2.6 వస్తది, వాళ్లు చెప్పేది అది. జపాన్ల పన్ను ఏసెటోళ్లు నడుమల పోయి 1.5 తోని గుణిస్తరు. పరీక్షల 1308 రాయి.

ప్రశ్న: బ్రదర్, మస్కట్‌ల మా రూమ్మేట్ ఆర్‌ఎక్స్-7 కు పాత రోటర్లు ఏయించిండు. ఇప్పుడు ఐడిల్ సరిగ నిలబడ్తలేదు, పైన 5000 దాటితె బండి అంతా వణుకుతది. చేసినోడు "రోటరీ అంటె అట్లనే ఉంటది" అంటుండు. నిజమేనా?
(పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: నిజం కాదు. మంచి రోటరీ ఇంజన్ పైకి పోయిన కొద్ది నున్నగ తిరుగుతది, దాని పేరే దాని మీద వచ్చింది. మీరు చెప్పినయి రెండు రోగాలు, ఒకదానితోని ఒకటి కలపొద్దు. వేగం పెరిగిన కొద్ది వణుకు పెరుగుతుందంటె అది బరువు సంగతి, రోటర్ అక్షరాలు కలవలేదు, లేదంటె కౌంటర్‌వెయిట్ వేరే సిరీస్‌ది. గేర్‌బాక్స్ దింపి ఎనక ఫ్లైవీల్, కౌంటర్‌వెయిట్ ఏ మోడల్‌వో ముందు చూడమను, అది రోటర్ల దాకా ఇంజన్ విప్పకుండనే తెలుస్తది.

ఐడిల్ నిలబడకపోవుడు కంప్రెషన్ సంగతి. ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు రోటరీ కంప్రెషన్ టెస్టర్ పెట్టిస్తె మూడు ముఖాలకు మూడు అంకెలు వస్తయి. నిమిషానికి 250 చుట్ల మీద చదరపు సెంటీమీటరుకు 6 కిలోల కన్న తక్కువొస్తె ఇంజన్ విప్పాల్సిందే, మూడు ముఖాల నడుమ తేడా కూడా 1.5 కిలోలు దాటొద్దు. మామూలు పిస్టన్ టెస్టర్ పెట్టేదుంటె లోపట వాల్వ్ పిన్ను తీసేసి సూది మూడు సార్లు ఎట్ల ఎగురుతుందో చూడమను, అంకె దొరకదు గాని ఎగురుడు సమానంగ ఉందా లేదా తెలుస్తది. పక్కపక్క రెండు ముఖాలు తక్కువ, మూడోది మంచిగ వచ్చిందంటె ఆ రెండింటి నడుమ ఏపెక్స్ సీల్ గాని, దాని గాడి గాని పోయింది. ఒక్క ముఖమే తక్కువొస్తె ఆ ముఖం సైడ్ సీల్ మీద అనుమానం, పాత సైడ్ సీళ్లను గాళ్లు మార్చి ఏసిండేమో అడుగు. సైడ్ సీల్ కొసకు, కార్నర్ సీల్‌కు నడుమ సందు 0.05 నుంచి 0.15 మి.మీ. ఉండాలె, 0.40 దాటితె లీకే. ఒక్కో సీల్‌ను దాని గాడిలనే పెట్టి కొలిచి, కొత్తదైతె కొస రుద్ది సరిచేసి, గాడి నంబర్ ఏసి పెట్టుకోవాలె. ఆ కొలతలు రాసిన కాగితం చేసినోన్ని అడగమను, ఉంటె దాని మీద మాట్లాడొచ్చు, లేకుంటె ఇంకో గ్యారేజీల విప్పిచ్చుడే.